అపొలోనియా వదిన పెంకుల మూట

అపొలోనియా వదిన నడిచినంతసేపూ నేలకేసే చూసేది. కొత్తగా వచ్చిన పాదిరీ ఒకాయన అది వినయం అనుకుని ప్రసంగంలో మెచ్చుకున్నాడు కూడా. వినయం ఆవిడకి ఆమడ దూరం. ఆవిడ వెతికేది పెంకుల్ని. మా అకోమా ఎడారి మధ్య కొండ మీద కట్టిన ఆదివాసుల ఊరు. దాని అంచుల నుంచి ఎన్ని తరాల ఆడవాళ్లు పగిలిన కడవల్ని కిందికి పారబోశారో చెప్పలేం. వాన కురిసి వెలిసిందంటే కొండ కింద ఇసుకలోంచి తెల్లటి ముక్కలు పాలపళ్లలా పైకి తేలతాయి. వదిన వంగి ఒకటి తీసి, బొటనవేలితో తుడిచి, ముందుపళ్లకి తాటించి మోత వినేది. నచ్చితే ఏప్రన్ జేబులో వేసుకునేది. నచ్చకపోతే "నువ్వింకొంచెంసేపు పడుకో" అని మళ్లీ ఇసుకలో పెట్టేసేది.

మా మట్టికి పొగరెక్కువ. ఒట్టి మట్టితో కడవ కడితే ఆరేటప్పుడే బిగదీసుకుని పగులుతుంది. పాత పెంకుల్ని సన్నికల్లు మీద పిండిలా నూరి కలిపితే దారికొస్తుంది, మంటకి ఓర్చుకుంటుంది. కాబట్టి ఇవాళ కట్టిన కడవలో అమ్మమ్మ వాడిన కడవ ఉంటుంది, ఆ కడవలో ఆవిడ అమ్మమ్మది ఉంటుంది. నేను రైలు పట్టాల పనిలో గాలప్ నుంచి పసిఫిక్ ఒడ్డు దాకా తిరిగిన రోజుల్లో ప్రయాణికులు పెట్టెల్లో వదిలేసిన పుస్తకాలన్నీ చదివేవాణ్ణి. తుఫాన్ల గురించీ, తేనెటీగల గురించీ, ఎక్కడో రాజుల వంశాల గురించీ. ఎవరికి ఎవరు పుట్టారో పేజీల కొద్దీ రాసుకున్నారు పాపం. మా కడవలకీ అలాంటి వంశమే ఉంది. కాకపోతే అది కాగితం మీద లేదు, మట్టిలో కలిసి ఉంది.

నేను పుట్టింది పక్కనున్న లగూనాలో. కాళ్లు ఒకచోట నిలవని మనిషిని. మాలో పెళ్లయితే మగాడే అత్తవారింటికి వెళ్తాడు గనక, సెనైదాని చేసుకున్నాక అకోమాకి వచ్చిపడ్డాను. సెనైదాకి అక్క ఈ అపొలోనియా. నేను పుస్తకం పట్టుకుని గోడనీడన కూర్చుంటే, వదిన అటుగా పోతూ, "మరిదీ, అందులో ఏమైనా వండుకోడానికి ఉందా?" అనేది. ఏ ఊళ్లో ఏ సముద్రం చూశానో చెప్పబోతే, "నువ్వు చూశావు సరే, అది నిన్ను చూసి ఏమంది?" అనేది. పోయిన చలికాలంలో పోయింది. ఈ రాసేది ఆవిడ గురించి.

ఆవిడ చిన్నప్పుడు కొండ మీదకి బండిదారి లేదు. రాతిలో చెక్కిన మెట్లే. కొండ మీద బండరాతి గుంటల్లో వాననీళ్లు నిలుస్తాయి. ఆ గుంటల నుంచి ఇంటికి నెత్తిమీద కడవతో నీళ్లు మోసింది. ఆవిడ మెడ చూసినవాళ్లెవరికైనా ఆ సంగతి తెలిసిపోయేది. ముసలైనా ఆ మెడ వంగలేదు. చూపు నేలమీద, మెడ నిటారుగా. ఆ రెండూ కలిసిన మనిషిని నేను మరెక్కడా చూడలేదు. మొగుడు గొర్రెలు కాసేవాడు, నెమ్మదస్తుడు, పెందరాళే పోయాడు. పిల్లలిద్దరు. కొడుకు ఫెర్మిన్, కూతురు ఎలొయీసా.

ఎలొయీసా తల్లి పక్కన కూర్చుని పని నేర్చింది. మాలో ఎవరూ చెప్పి నేర్పరు, పక్కన కూర్చోనిస్తారు, అంతే. ఆ పిల్లకి చెయ్యి మంచిదే గాని బొమ్మ వేయడం దగ్గర నవ్వొచ్చేది. మొదటిసారి బాగా నిలబడిన చిన్న కడవ మీద చిలకని వేసింది. మా కడవల మీద చిలక పాత బొమ్మే, ఇంటింటికీ ఒక రకం. ఈ పిల్ల చిలక ముక్కు మాత్రం తలకంటే పెద్దదొచ్చింది. "ఇది చిలకా, ఎవరి ముక్కో ఎత్తుకొచ్చిన కోడా?" అంది తల్లి. ఎలొయీసా నవ్వి నవ్వి చేతిలో కుంచె కింద పడేసుకుంది. అంతకంటే మంచి కడవ ఆ పిల్ల చెయ్యలేదు. ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. రైల్లో దూరపు ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆ ఏడాదే పోయింది.

కడవ కిటికీ గూట్లో ఉండిపోయింది. వదిన దాంట్లో చుక్క నీరు పోయలేదు. కొన్నేళ్లకి వసంతకాలపు గాలి ఒకటి తలుపు తోసుకొచ్చి, పరదాని ఎగరేసి, ఆ పరదాతో కడవని లాగి కింద పడేసింది. మా పద్ధతి ప్రకారం ఆ పెంకులు నూరి మట్టిలో కలపాలి. వదిన ఏరి, నీలి చక్రం అచ్చేసిన పిండిసంచిలో వేసి, మూట కట్టి, కొట్టుగది దూలానికి వేలాడదీసింది. సెనైదా అప్పుడప్పుడూ అడిగేది, "అక్కా, అవి నూరవా?" అని. "చూద్దాంలే" అనేది. ఆ చూద్దాం చాలా ఏళ్లు నడిచింది. మూట విప్పి చూడ్డం కూడా లేదు.

అలాంటి ఇంటికి ఫెర్మిన్ పెళ్లాన్ని తీసుకొచ్చాడు. పద్ధతి ప్రకారం వాడే వెళ్లాలి వాళ్ల ఊరికి. కాని వాడికి గనిలో పని, అది మా వైపు. అందుకని వెర్నానే ఇటు వచ్చింది. వెర్నాది శాంటా క్లారా. ఉత్తరాన నది ఒడ్డున ఉంటుంది. వాళ్ల భాష వేరు, మట్టి వేరు. వాళ్లవి మందంగా, నల్లగా, అద్దంలా మెరిసే కుండలు. మావి పల్చగా, తెల్లగా, మీద సన్నగీతలతో. మట్టి పని తెలిసిన ఇద్దరు ఆడవాళ్లు ఒక ఇంట్లో ఉంటే ఎలా ఉంటుందో నేను వేరే చెప్పాలా.

"ఏమే శాంటా క్లారా, మీ కుండలు అలా ఉంటాయేం? పొయ్యిలో పడిపోతే తీయడం మర్చిపోయారా?" అనేది వదిన.

"మీవి మాత్రం? గట్టిగా తుమ్మితే పగిలేట్టుంటాయి అత్తా."

"అందుకే మేం తుమ్మం."

ఇలా ఉండేది. సరసమో విరసమో తెలియని సరిహద్దులో. వెర్నా నవ్వుతూనే అనేది గాని, పేరు పెట్టి పిలవని ఇంట్లో ఉండడం కష్టమని సెనైదాతో ఒకసారి అందట. వదిన చేతివేళ్ల కీళ్లు అప్పటికే వాచి ఉండేవి. మట్టి జల్లించడం, పెంకులు నూరడం లాంటి బండపని మెల్లగా కోడలికి వదిలింది. కడవ కట్టడానికి మాత్రం దగ్గరికి రానిచ్చేది కాదు.

సెప్టెంబరు మొదట్లో మా ఊరి పునీతుడు సాన్ ఎస్తెవాన్ పండగ. ఇప్పుడు కాపురాలు కొండ కిందే అయినా, పండక్కి ముందు ఆడవాళ్లంతా కొండ మీది పాత ఇళ్లకి వెళ్లి గోడలు మెత్తుతారు. ఆ ఏడాది వదినా సెనైదా పొద్దున్నే బయల్దేరారు. పోతూ వదిన గుమ్మంలో ఆగి, "మట్టి కలిపి ఉంచు. డబ్బాలో పెంకులు అయిపోతే కొట్టుగదిలో ఉన్నాయి చూడు" అని చెప్పింది. ఆవిడ ఉద్దేశం కొట్టుగదిలో బల్ల కిందున్న రెండో డబ్బా. వెర్నా బల్ల కింద చూడలేదు. మంచి వస్తువు ఎవరైనా ఎత్తులోనే దాస్తారని అనుకుని దూలం వైపు చూసింది.

సాయంత్రం గోడమట్టి మోచేతుల దాకా పూసుకుని అక్కచెల్లెళ్లు దిగొచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను. వదిన ఇంట్లో కాఫీ బాగుంటుంది. వెర్నా ముఖం వెలిగిపోతోంది. మూలన పళ్లెంలో మట్టిముద్ద ఉంది, పసిబిడ్డ తలంత నున్నగా. ఆరిపోకుండా దానిమీద తడిగుడ్డ కప్పింది. గుడ్డ మీద నీలి చక్రం.

వదిన చేతులు కడుక్కోబోతూ ఆగింది.

"ఆ సంచి ఎక్కడిది?"

"కొట్టుగదిలో దూలానికి ఉంది అత్తా. మీరే చూడమన్నారుగా. ఎంత మంచి పెంకులో. పండక్కని దాచి ఉంటారనుకున్నా."

"అన్నీ నూరేశావా?"

"అన్నీ. పొద్దుటినుంచీ అదే పని. ముట్టుకుని చూడండి, పువ్వుల పుప్పొడిలా వచ్చింది."

వదిన ముట్టుకోలేదు. చేతులు కడుక్కోకుండానే బయటికి వెళ్లి గొర్రెల దొడ్డి కంచె పట్టుకుని నిలబడింది. గొర్రెలు మేతేస్తుందనుకుని దగ్గరికి వచ్చాయి. చాలాసేపు చూసి, ఏమీ లేదని వెళ్లిపోయాయి. వెర్నా నా వైపు చూసింది, నేను సెనైదా వైపు చూశాను. సెనైదా ఆ పిల్లని లోపలికి తీసుకెళ్లి సంగతి చెప్పింది. తర్వాత సన్నికల్లుని నీళ్లతో కడుగుతున్న చప్పుడు వినిపించింది. ఏం కడుగుతుంది? పెంకుల పొడి రాయిలోంచి పోతుందా, మట్టిలో కలిసింది విడివడుతుందా. అయినా కడిగింది.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో వేళాకోళాలు ఆగిపోయాయి. వదిన కోప్పడలేదు, అదే కష్టమైపోయింది. కోప్పడితే జవాబు చెప్పుకోవచ్చు, ఏడవొచ్చు. రొట్టె, మిరపకాయ పులుసు, కాఫీ అన్నీ వేళకి జరిగేవి. "ఉప్పు", "ఇటివ్వు", "చాలు" ఇంతే మాటలు. వెర్నా ఫెర్మిన్‌తో, "నన్ను మా అమ్మ దగ్గర దింపెయ్యి" అంది. వాడు గని నుంచి వచ్చి బూట్లు విప్పుతూ, "పండగ అయ్యాక వెళ్దువుగాని" అన్నాడు. మంచివాడే. కాని తల్లికీ పెళ్లానికీ మధ్య నిలబడాల్సి వస్తే బూట్ల లేసులు విప్పడంలో మునిగిపోయే రకం.

నేను ఒకరోజు వెళ్లి నాకు తోచిన ఓదార్పు మొదలెట్టాను. ఏదో పెద్ద నగరంలో మ్యూజియంలో చూసిన గ్రీకువాళ్ల జాడీల గురించి చెప్పాను. వేల ఏళ్ల కిందటివి, ముక్కలుగా దొరికితే మళ్లీ అతికించి గాజు వెనక పెట్టారని.

"అతికించినవాళ్లు వాటిలో నీళ్లు తాగుతారా?" అని అడిగింది వదిన.

"లేదు. ముట్టుకోనివ్వరు."

"అయితే ఎవరికి?"

"చూడ్డానికి వదినా."

"నాదగ్గర చూడ్డానికి కూడా లేదు మరిదీ" అంది. నా కాఫీ అలాగే వదిలేసి వచ్చాను.

మట్టిముద్ద మూలనే ఉంది. దాన్ని ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. కడవ కడితే అది అందరి కడవల్లాంటిదే, మంటలో పగిలితే అదీ లేదు. బయట పారేయడం ఊహకే అందదు. కానీ మట్టి ఆరిపోతే రాయి అవుతుంది గనక తడి మాత్రం ఆరనివ్వకూడదు. వెర్నా పొద్దున్నే లేచి అత్త చూడకముందే సంచి తడుపుదామని వెళ్లేది. వెళ్లేసరికి సంచి తడిగానే ఉండేది. రాత్రి చల్లదనమేమో అనుకుంది. ఒకరోజు మరీ పెందరాళే లేచింది. వదిన మూలన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చిన్న గిన్నెలో నీళ్లు పెట్టుకుని, వేళ్లతో కొద్దికొద్దిగా సంచి మీద చిలకరిస్తోంది, జ్వరంతో ఉన్న బిడ్డ నుదుటి గుడ్డ తడిపినట్టు. వెర్నా చప్పుడు చేయకుండా వెనక్కి తిరగబోయింది.

"వచ్చినదానివి రా" అంది వదిన తల తిప్పకుండా. "ఈ అంచు ఆరిపోయింది, నా వేలు అంతదూరం వంగదు."

వెర్నా వచ్చి కూర్చుంది. అంచు తడిపింది. ఇద్దరూ ఆ ముద్దనే చూస్తున్నారు. వెర్నా, "నేను వాటిని చూశాను అత్తా. నూరే ముందు" అంది.

"ఏం చూశావ్?"

"పెంకుల్ని. మంచి పని కనిపిస్తే ఊరికే ఉండలేను కదా. నేల మీద పరిచి, అతుకులు కలిపి చూశాను. అందులో పక్షి ఉంది. పాతకాలంలో ఎవరో చిన్నపిల్ల వేసుంటుందని నవ్వుకున్నాను. ముక్కు చూసి."

వదిన మొట్టమొదటిసారి ఆ పిల్ల ముఖంలోకి చూసింది. "కుడివైపు చూస్తూ ఉండేది" అంది.

"లేదత్తా. వెనక్కి తిరిగి చూస్తోంది. ఒళ్లు ఇటు, తల అటు."

"నా కూతురి కడవ నాకు తెలీదా? కుడివైపే."

"వెనక్కే అత్తా. మెడ దగ్గర గీత ఒకసారి తెగి మళ్లీ కలిసింది, కుంచె ఎత్తినట్టున్నారు. కన్ను చుట్టూ రెండు గుండ్రాలు. లోపలిది పూర్తిగా మూయలేదు, కిందివైపు చిన్న సందుంది. తోకలో మూడో ఈక కొంచెం మందం."

వదిన ఇన్నేళ్లూ మూట విప్పని మనిషి. విప్పితే ఏమైపోతుందోనన్న భయంతో ఆ బొమ్మని బుర్రలోనే దాచుకుంటూ వచ్చింది. బుర్రలో దాచినవి ఊరికే ఉండవు, మెల్లగా పక్కకి తిరుగుతాయి. చిలక కుడివైపుకి తిరిగిపోయింది.

"కుంచె కింద పడేసుకుంది" అంది వదిన చివరికి. "నేనేదో అన్నాను, నవ్వి కింద పడేసుకుంది. మెడ గీత అక్కడే తెగుంటుంది." తర్వాత ఏప్రన్ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. వెర్నా పక్కనే కూర్చుని సంచి అంచు సరిచేస్తూ ఉండిపోయింది. ఇదంతా తర్వాత సెనైదాకి వెర్నానే చెప్పింది.

ఆ పూట కాఫీ అయ్యాక వదిన, "శాంటా క్లారా, చేతులు కడుక్కో. నా వేళ్లు పనికిరావు. నువ్వే కట్టాలి" అంది.

ఆ కడవ కట్టిన రోజులు నాకు బాగా గుర్తు. కాఫీ వంకతో రోజూ పోయేవాణ్ణి. వెర్నా మట్టిని తాడులా పేని, ఒక వరస మీద ఇంకో వరస చుట్టి, సొరబుర్ర ముక్కతో లోపలినుంచి గీకి పల్చన చేసేది. వదిన ఎదురుగా బోర్లించిన బకెట్ మీద కూర్చుని చూపుడువేలు ఆడించేది.

"మందం. ఇంకా మందం. ఇదేమన్నా కోటగోడా?"

"ఇంకా గీకితే అవతలి పక్కన మీరు కనిపిస్తారు అత్తా."

"కనిపించనీ. నన్ను చూసుకుంటూ పని చెయ్."

"మా అమ్మ చూస్తే, ఇదేమన్నా ఉల్లిపొరా అంటుంది."

"మీ అమ్మని పండక్కి పిలువు, నేను మాట్లాడతాను."

వేళాకోళం తిరిగొచ్చిందని సెనైదా నా వైపు చూసి కనుబొమలెగరేసింది. అయితే కడవ మాత్రం పూర్తిగా మా కడవ కాలేదు. మూతి మాది, భుజం మాది. పొట్ట దగ్గర శాంటా క్లారా నిబ్బరం కొంచెం మిగిలింది. వదిన అది చూసి ఏదో అనబోయి ఊరుకుంది. ఆరాక తెల్లసుద్ద పూసి గులకరాయితో రుద్ది నున్న చేశారు. వసంతంలో మొలిచే అడవికూరని కాచి కాచి నల్లటి అచ్చులా చేసి దాచుకుంటారు మా వాళ్లు. దాన్ని రాతిపొడితో నూరితే రంగు సిద్ధం. వదిన యక్కా అనే ఎడారిమొక్క ఆకుని సన్నగా చీల్చి, కొస నమిలి నమిలి కుంచె చేసి, వెర్నా చేతిలో పెట్టింది.

వెర్నా చెయ్యి వెనక్కి తీసుకుంది. "చిలక మీ ఇంటి బొమ్మ అత్తా. మాలో ఒకరింటి బొమ్మ ఇంకొకరు వెయ్యరు."

"మాలోనూ వెయ్యరు. అందుకే ఇస్తున్నా" అంది వదిన. కుంచె ఆ పిల్ల ఒళ్లో పెట్టి ముఖం తిప్పుకుని, "ముక్కు పెద్దగా వెయ్యి. నీకెటూ మొహమాటం లేదు" అంది.

వెర్నా వేసింది. మెడ దగ్గరికి వచ్చాక కుంచె ఎత్తి, మళ్లీ ఆనించింది. కంటి లోపలి గుండ్రం కిందివైపు మూయకుండా వదిలింది. వదిన వంగి అంత దగ్గరగా చూస్తుంటే ఆవిడ ఊపిరి తగిలి సుద్ద మీద తడి వస్తుందేమోనని నాకు భయమేసింది. వెనక్కే చూస్తోంది చిలక. ముక్కు అన్యాయంగా ఉంది. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

ఇక కాల్చాలి. ఇక్కడ ఆ ఇల్లు మళ్లీ ఆగిపోయింది. కాల్చని కడవ కిటికీ గూట్లో, పాత చోటే, అందంగా ఉంది. మంటకి ఏం నచ్చుతుందో ఏం నచ్చదో ఎవరికి తెలుసు? మట్టిలో ఒక్క గాలిబుడగ ఉన్నా చాలు, ఒక్క ఈదురుగాలి వచ్చినా చాలు. వదిన రోజూ పొద్దున ఆకాశం చూసి, "ఇవాళ గాలుంది" అనేది. ఆకు కదలని రోజు కూడా గాలుందనేది.

వెర్నానే అడిగింది. "కాల్చకుండా ఇలాగే ఉంచేద్దామా అత్తా? మీకిష్టమైతే."

వదిన కడవ వైపు చాలాసేపు చూసింది. "కాల్చని కడవకి నీళ్లంటే భయం. వాన చినుకు పడ్డా కరిగిపోతుంది. మొదటిదాన్ని అలాగే దాచాను నేను, అది కాలినదే అయినా. ఒక్క రోజు దాహం తీర్చలేదు అది. గాలి వచ్చి పడేసింది, అంతే." లేచి ఏప్రన్ దులుపుకుంది. "రేపు పొద్దున్నే. పిడకలు తే."

మా ఆవం అంటే గుంటా గోడా ఏమీ ఉండవు. ఇంటి వెనక చదును నేల. కింద రాళ్లు, రాళ్ల మీద కడవ, చుట్టూ మసి తగలకుండా పెద్ద పెద్ద పెంకుల కాపలా, ఆపైన ఎండిన పిడకలు గుడారంలా. తూర్పు తెల్లబడుతుండగా అంటించారు. ఆవం దగ్గర ఎవరూ కటువుగా మాట్లాడకూడదు, చెడు తలవకూడదు. కడవ వింటుందంటారు. ఫెర్మిన్ ఆ రోజు గనికి పోలేదు. తల్లికీ పెళ్లానికీ మధ్య నిలబడ్డాడు, బూట్లు గట్టిగా కట్టుకుని. నేను రైళ్ల గురించి ఏదో ఎత్తబోతే సెనైదా మోచేత్తో పొడిచింది.

పిడకలు ఎర్రబడ్డాక లోయలోంచి గాలి లేచింది. ముందు పొగ వంగింది, తర్వాత మంట ఒక పక్కకి ఒరిగింది. ఫెర్మిన్ రేకు తెచ్చి అడ్డం పెట్టి, అది కాలుతున్నా వదల్లేదు. లోపల టప్ మంది. వెర్నా కళ్లు మూసుకుంది. వదిన ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది, వాచిన వేళ్లతో ఎంత గట్టిగా పట్టుకుందో తర్వాత ఆ మచ్చ చూస్తే తెలిసింది.

"కాపలా పెంకు అయ్యుంటుంది" అన్నాను.

మంట చల్లారేదాకా అలాగే నిలబడ్డారు ఇద్దరూ. బూడిద పల్చబడ్డాక వదిన పొడుగు కర్రతో మెల్లగా తొలగించింది. పగిలింది కాపలా పెంకే. దాని వెనక కడవ నిండుగా ఉంది, పాలలా తెల్లగా, నల్లటి చిలకతో. పగిలిన పెంకు సందులోంచి మంట లోపలికి నాలుక చాపినచోట, చిలక తోక మీద గోధుమరంగు మసక పడింది. వెర్నా అది చూసి నొచ్చుకుంది.

"ఎండలో తిరిగితే ఎవరైనా కమిలిపోతారు" అంది వదిన. చల్లబడ్డాక కడవ అంచు మీద గోటితో కొట్టింది. గంట మోగినట్టు మోగింది. ఇంకోసారి కొట్టింది. మూడోసారి వెర్నా చేత కొట్టించింది.

పండగ ముందురోజు అందరం కొండెక్కాం. పాత ఇంట్లో కొత్తగా మెత్తిన గోడల వాసన. ఆ కడవని ఎక్కడ పెడతారా అని నేను చూస్తున్నాను. సెనైదా గోడగూడు తుడిచి ఉంచింది, పైన, పిల్లలకి అందనిచోట. వదిన గూడు వైపే చూడలేదు. కడవ వెర్నా చేతికిచ్చి, "బండ గుంట తెలుసుగా, వెళ్లి నీళ్లు పట్రా" అంది.

వెర్నా కదల్లేదు. "దీన్లోనా? దారిలో పడిపోతే?"

"పడితే చూద్దాం. నెత్తిమీద పెట్టుకో, చేత్తో పట్టుకోకు. చేత్తో పట్టుకున్నవాళ్లే పడేస్తారు."

ఆ పిల్ల వెళ్లి వచ్చేదాకా వదిన గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆవిడ నేలకేసి చూడకుండా అంతసేపు నిలబడ్డం అదొక్కసారే చూశాను. మలుపు తిరిగి వెర్నా కనిపించింది, నెత్తిమీది కడవని రెండు చేతులతో పట్టుకుని, భుజాలు చెవులదాకా పైకి లాక్కుని. జుట్టు తడిసింది. వదిన ఏమీ అనకుండా దారి ఇచ్చింది. గుమ్మం పక్కన చుట్టకుదురు మీద కడవ దించారు. అందరం పండగ పనుల్లో పడ్డాం. మొక్కజొన్న ఉడుకుతోంది, పొయ్యిలోంచి రొట్టెలు తీయాలి.

కాసేపటికి వెర్నా గొంతు వినిపించింది, సన్నగా. "అత్తా, కారుతోంది."

వెళ్లి చూస్తే కడవ పొట్టంతా చెమ్మ. చిలక మీద, కమిలిన తోక మీద సన్నటి నీటిబిందువులు. వెర్నా ముఖంలో రక్తం లేదు. వాళ్ల ఊళ్లో కుండలు అమ్మకానికే చేస్తారు, వాటిలో నీళ్లు పోసినవాళ్లని ఆ పిల్ల తన కళ్లతో చూసి ఉండదు. వదిన వచ్చి, వంగి, అరచెయ్యి కడవ పొట్ట మీద ఆనించింది. అలా ఆనించి ఉంచింది కొంతసేపు. తర్వాత ఆ తడిచెయ్యి తీసి వెర్నా చెంప మీద పెట్టింది.

"చల్లగా ఉందా?"

"ఉంది."

"కారడం కాదే పిచ్చిదానా. చెమట పట్టింది. బాగా కాలిన కడవ ఇలాగే చెమర్చి నీళ్లు చల్లబరుస్తుంది" అంది. చెయ్యి చెంప మీద నుంచి తీయలేదు. రెండో చేత్తో సొరబుర్ర అందుకుని, కడవలో ముంచి, ఆ పిల్ల నోటికి అందించింది. తాగాక మిగిలింది తను తాగింది.

"కొంచెం మట్టి వాసనుంది" అంది వెర్నా.

"ఉంటుంది" అంది వదిన, మళ్లీ ముంచుతూ.